గోడ కొట్టకుండా దీపం తగ్గించుకోవడం



పోయిన వర్షాకాలంలో ఒక రాత్రి రెండు గంటలప్పుడు మా అమ్మ పడిపోయింది. డెబ్బయి తొమ్మిదేళ్ల మనిషి. మంచం దగ్గర నుండి స్నానాల గదికి పట్టుమని పదడుగులు లేవు. లైటు వేస్తే పక్కన పడుకున్న మనుమరాలికి నిద్ర పాడవుతుందని, చీకట్లోనే గోడ తడుముకుంటూ వెళ్లింది. గడప తగిలి ముందుకు పడింది. తుంటి ఎముకకు ఏమీ కాలేదు, అది దేవుని కృప. మణికట్టు మాత్రం విరిగి నెలన్నర కట్టుతో ఉన్నది. డాక్టరుగారు కట్టు కడుతూ నన్ను చూసి, "అయ్యగారూ, మందు నేను ఇస్తాను, వెలుతురు మీరు చూసుకోండి" అన్నారు. ఆ మాట నాకు గుచ్చుకున్నది. అందుచేత ఈ నెల ఇంటి దీపాల గురించి వ్రాస్తున్నాను.

నేను కరెంటు పని నేర్చినవాడను కాను. వేదాంత కళాశాలలో డిప్లొమా చదివినవాడిని. అయితే ఈ ఎనిమిది నెలల్లో మూడుసార్లు తప్పు వస్తువు కొని, నాలుగోసారి సరైనది కొన్నాను. ఆ మూడు తప్పులు మీరు చేయకుండా ఉంటే ఈ పేజీకి ఇచ్చిన చోటు వృథా కాదు.

మీలో నలభై దాటినవారికి లాంతరు గుర్తుండే ఉంటుంది. దాని పక్కన చిన్న చక్రం వంటి చెవి ఉండేది. రాత్రి అన్నాలు అయి, ప్రార్థన అయి, అందరూ పడుకోబోయే వేళకు మా నాయనమ్మ ఆ చెవిని వెనక్కు తిప్పి వత్తి దించేది. చిమ్నీలో చిక్కుడు గింజంత వెలుగు మిగిలేది. ఆ వెలుగులోనే పసిబిడ్డకు పాలు పట్టేవారు, దొడ్లో ఆవు ఈనిందో లేదో చూసి వచ్చేవారు. ఎవరి నిద్రా చెడేది కాదు. తరువాత ఊరికి కరెంటు వచ్చింది. దానితో దీపానికి రెండే స్థితులు మిగిలాయి, వెలగడం, ఆరడం. మధ్యలో ఉండే ఆ చిక్కుడు గింజ పోయింది.

దాని బదులు జీరో బల్బు వచ్చింది గదా అంటారేమో. పేరుకు జీరో గాని, పాతకాలపు జీరో బల్బు పన్నెండు నుండి పదిహేను వాట్ల దాకా కాల్చేది. పాత మీటర్లలో ఆ కొద్దిపాటి వాడకానికి చక్రం కదిలేది కాదనీ, అందుకే ఆ పేరు పడిందనీ చెబుతారు. ఇప్పుడు అర వాటు ఎల్‌ఈడీ జీరో బల్బులు దొరుకుతున్నాయి. మంచివే. కాని అమ్మకు అది చాలదు. రెండు కళ్లకూ శుక్లాలు తీశారు. వయసు మళ్లిన కంటికి అడుగు కనబడాలంటే పడుచు కంటికన్నా ఎక్కువ వెలుతురు కావాలి. అయితే నిద్రలో నుండి లేచిన వెంటనే పెద్ద లైటు వేస్తే అదే కన్ను చెదిరి ఏమీ కనబడదు. కావలసినది మధ్యరకం వెలుతురు. అది మంచం మీద నుండే వేసుకునేలా ఉండాలి.

ఇక్కడ మా ఇంటి సంగతి చెప్పాలి. సికింద్రాబాదులో లాలాగూడ వైపు పాత ఇల్లు, అద్దె ఇల్లు. గోడలు డంగుసున్నంతో కట్టినవి, మూరెడు మందం. గోడ లోపల వైరు లేదు, చెక్కపట్టీ మీద గోడ వెంట నడుస్తుంది. ఇంటాయన మంచివాడే కాని, మేకు కొట్టాలన్నా అడగమంటాడు. ఆ గోడకు గాడి కొడితే పెచ్చులు ఊడి మళ్లీ సున్నం పట్టదని ఆయన భయం. నిజమే కూడాను. చిలకలగూడ, మెట్టుగూడ, వారాసిగూడ, బొల్లారం వైపు ఇట్టి ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఊళ్లలో తాతలనాటి మట్టిగోడల ఇళ్లదీ ఇదే కథ. గనుక, వైరింగు మార్చకుండా, గోడ కొట్టకుండా, మంచం మీద నుండే దీపం తగ్గించుకునే దారి కావలసి వచ్చింది.

మొదటి తప్పు చెబుతాను. ఫ్యానుకు రెగ్యులేటరు ఉన్నట్టే లైటుకూ ఒక డిమ్మర్ ఉంటుంది గదా అని, బోర్డులో స్విచ్చి బదులు తిప్పుడు డిమ్మర్ ఒకటి బిగించుకున్నాను. పైన ఉన్నది మామూలు తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు. కొంచెం తిప్పితే బల్బు గజగజ వణికింది. ఇంకొంచెం తిప్పితే టపీమని ఆరింది. తుమ్మెద ఝుంకారం వంటి శబ్దం ఒకటి. మూడో వారానికి బల్బు పోయింది. కొత్తది వేశాను, అదీ పోయింది. మా సంఘంలో కరెంటు పని చేసుకునే తమ్ముడొకడు ఉన్నాడు. వచ్చి చూసి నవ్వాడు. "అయ్యగారూ, గిది పాత బల్బులకు జేసింది. ఎల్‌ఈడీకి గిట్ల బెడితె అది సచ్చుడే" అన్నాడు.

ఎందుకో అతడు చెప్పినదీ, తరువాత నేను చదివి తెలుసుకొన్నదీ ఇది. మన ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు, సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. అంటే అది వంద సార్లు సున్నాకు వచ్చి మళ్లీ లేస్తుంది. డిమ్మర్ చేసే పని ఒక్కటే. లేచిన ప్రతిసారీ కాసేపు ఆపి, మిగిలిన ముక్కను మాత్రమే బల్బుకు పంపుతుంది. పాత తీగ బల్బు అమాయకమైనది, ఎంత ఇస్తే అంత వెలుగుతుంది. మధ్యలో తెగినా తీగకు వేడి నిలిచి ఉంటుంది గనుక వణుకు కనబడదు. ఎల్‌ఈడీ బల్బు లోపల మాత్రం చిన్న సర్క్యూటు ఒకటి కూర్చొని, బయట నుండి ఎంత తక్కువ వచ్చినా వెలుగు తగ్గనీయకుండా నిలబెట్టాలని చూస్తుంది. డిమ్మర్ తగ్గించాలంటుంది, సర్క్యూటు తగ్గనంటుంది. ఆ పోరులో అది వేడెక్కి చస్తుంది. పైగా పాతరకం డిమ్మర్లకు కనీసం నలభై, అరవై వాట్ల బరువు ఉంటేనే నిలకడ. తొమ్మిది వాట్లు దానికి ఆనదు.

గోడ పెట్టెలో ఇమిడిపోయే చిన్న ఎలక్ట్రానిక్ డిమ్మర్‌ను 1959లో న్యూయార్కులో జోయెల్ స్పైరా అనే ఆయన తన ఇంట్లోనే కూర్చొని తయారుచేశాడు. 1961లో లూట్రాన్ అనే సంస్థను స్థాపించాడు. అంతకుముందు దీపాలు తగ్గించాలంటే నాటకశాలల్లో ఉండే పెద్ద పెద్ద సాధనాలు కావలసి వచ్చేవి. అవి మిగిలిన కరెంటును వేడిగా తగలేసేవి. ఆయన కాలంలో ఇళ్లలో ఉన్నవి తీగ బల్బులు. మన దేశంలో 2015 జనవరి 5న ఉజాలా పథకం మొదలైన తరువాత పల్లెటూళ్లకు కూడా ఎల్‌ఈడీ వచ్చేసింది. అరవై వాట్ల తీగ బల్బు ఇచ్చే వెలుగును తొమ్మిది వాట్లతో ఇచ్చే బల్బు అది. మేలే జరిగింది. కాని పాత డిమ్మర్‌కూ కొత్త బల్బుకూ పొంతన కుదరలేదు. గనుక తిప్పుడు డిమ్మరే కావాలనుకుంటే, డబ్బా మీద 'డిమ్మబుల్' అని స్పష్టంగా వ్రాసి ఉన్న ఎల్‌ఈడీ బల్బే కొనండి, డిమ్మర్ కూడా ఎల్‌ఈడీకి పనికివస్తుందని వ్రాసి ఉన్నదే తీసుకోండి. రెండింటిలో ఒక్కటి తప్పినా నా బల్బుకు పట్టిన గతే. ఫ్యాను రెగ్యులేటరుతో లైటు తగ్గించాలని ఎవరూ ప్రయత్నించవద్దు. లైటు డిమ్మర్‌ను ఫ్యానుకూ పెట్టవద్దు, మోటారు మూలుగుతుంది.

రెండో తప్పుకు కారణం అమెరికా. మా సంఘంలో ఒక పెద్దాయన కుమారుడు డాలస్‌లో ఉంటాడు. సెలవులకు వచ్చినప్పుడు, అమ్మగారికి ఇలా అయిందని విని, ప్రేమతో రెండు వైర్‌లెస్ డిమ్మర్ స్విచ్చులు, బల్బులు తెచ్చి ఇచ్చాడు. ఎంత అందంగా ఉన్నాయో! మా కరెంటు తమ్ముడు డబ్బా తిప్పి చూసి పక్కన పెట్టాడు. అక్కడి కరెంటు 120 వోల్టులు. మన 230కి కలిపితే పొగ తప్ప ఏమీ రాదు. బల్బులు మర రకం, మన హోల్డర్లు రెండు పిన్నుల రకం, దానినే బి22 అంటారు. రేడియో సంగతి కూడా ఉంది. ఇంటి దీపాలకు వాడే జెడ్-వేవ్ అనే పద్ధతికి అమెరికాలో 908 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో చోటు ఉంటే, మన దేశంలో 865 ప్రాంతంలో ఇచ్చారు. అక్కడి పెట్టె ఇక్కడి పెట్టెతో మాట్లాడలేదు. విదేశాల్లో ఉన్న మీ పిల్లలు ఇట్టివి తెస్తామంటే, వద్దని చెప్పి ఆ డబ్బుతో ఇక్కడే కొనిపెట్టమనండి. అబ్బాయి నొచ్చుకుంటాడని నేను ఆ డబ్బాలను ఇప్పటికీ బీరువాలో దాచాను.

అసలు వైర్‌లెస్ అనే మాటే మన వాళ్లను తికమక పెడుతున్నది. ఒక చెల్లెలు నన్ను, "గాలిలో కరెంటు వస్తుందా అయ్యగారూ, పిల్లలకు ప్రమాదం కాదా?" అని అడిగింది. కరెంటు ఎప్పటిలాగే వైరులోనే వస్తుందమ్మా. గాలిలో వచ్చేది ఆజ్ఞ మాత్రమే, వెలుగు, తగ్గు, ఆగు అని. టీవీ రిమోటు లాంటిదే. తేడా ఏమంటే టీవీ రిమోటును టీవీ వైపు గురిపెట్టాలి. ఇవి రేడియో మీద నడుస్తాయి గనుక దుప్పటి కింద నుండి నొక్కినా పనిచేస్తాయి.

ఆ ఆజ్ఞను వినే చెవి ఎక్కడ ఉన్నది అన్నదే కొనేటప్పుడు చూసుకోవలసిన సంగతి. బల్బులోనే ఉండవచ్చు, బల్బుకూ హోల్డరుకూ మధ్య దూర్చే చిన్న ముక్కలో ఉండవచ్చు, బోర్డు వెనుక దాగే మాడ్యూలులో ఉండవచ్చు.

బల్బులోనే చెవి ఉన్న రకం అన్నిటికన్నా సుళువు. పాత బల్బు తీసి ఇది పెట్టడమే. వెలుగు తగ్గించే పని దాని లోపలి సర్క్యూటే చేసుకుంటుంది గనుక వణుకు, ఝుంకారం ఉండవు. నా మూడో తప్పు ఇందులోనే జరిగింది. వై-ఫై బల్బు ఒకటి అయిదారు వందలు పెట్టి కొని, నా ఫోనుతో జతచేసి, అమ్మ గదిలో పెట్టాను. మొదటి రాత్రి బాగానే ఉన్నది. రెండో రాత్రి కరెంటు పోయి మూడు గంటలకు వచ్చింది. వచ్చీ రాగానే బల్బు తనంతట తాను పూర్తి వెలుగుతో భగ్గుమన్నది! అమ్మ ఉలిక్కిపడి లేచి కూర్చున్నది, మనుమరాలు ఏడ్పు. మరునాడు సాయంత్రం ఇంకొకటి. మా చిన్నవాడు అలవాటు చొప్పున గోడ మీది స్విచ్చి ఆపేశాడు. కరెంటే లేనప్పుడు బల్బుకు చెవి ఎక్కడిది? ఫోను ఎంత నొక్కినా పలకలేదు. ఇంతకూ ఫోను ఉన్నది నా దగ్గర, లేవవలసినది అమ్మ. ఆమెకు ఫోనులో పచ్చ బొత్తాం ఎత్తడం తప్ప ఇంకేమీ రాదు.

ఆ బల్బులో లోపం లేదు, నా ఎంపికలో ఉన్నది. ఇట్టి బల్బు కొనేముందు మూడు ప్రశ్నలు అడగవలసింది. కరెంటు పోయి వచ్చినప్పుడు ఏ స్థితిలో లేస్తుంది? చాలా బల్బులు పూర్తి వెలుగుతో లేస్తాయి. కొన్నింటిలో, ఆరిన స్థితి గుర్తుంచుకొమ్మని ఏర్పాటు చేసుకోవచ్చు. కరెంటు పోయిరావడం మామూలుగా ఉన్న ఊళ్లలో ఇదే మొదటి ప్రశ్న. రెండవది, ఫోను లేకుండా చేతి రిమోటుతో పనిచేస్తుందా? మూడవది, ఇంటర్నెట్ లేకపోతే ఏమవుతుంది? వై-ఫై బల్బులు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ మీదనే కలుస్తాయి, 5 మీద కలవవు. జతచేయడానికి మొదట ఇంటర్నెట్ కావాలి. రూటరు ఇన్వర్టరు మీద లేకపోతే కరెంటుతోపాటు అదీ పోతుంది. ఫోనులో డేటా తప్ప ఇంట్లో వై-ఫై లేని పల్లె కుటుంబాలు ఈ రకం జోలికి పోనక్కరలేదు. రిమోటుతో నేరుగా మాట్లాడే బల్బు చాలు. జిగ్‌బీ అనీ, 2022లో వచ్చిన మ్యాటర్ అనీ ఇంకా పద్ధతులు ఉన్నాయి. ఇల్లంతా ఇరవై ముప్పై దీపాలు కలుపుకునేవారికి అవి ముఖ్యం. మనకు గదికొకటి.

ఇంకొక చిన్న లెక్క. ఆ చెవి ఎప్పుడూ మెలకువగా ఉండాలి గనుక, బల్బు ఆరి ఉన్నప్పుడు కూడా అర వాటు దాకా తీసుకుంటుంది. అర వాటు చొప్పున ఏడాదంతా లెక్కేస్తే నాలుగు యూనిట్లకు కాస్త ఎక్కువ. ఒక బల్బుకు అది లెక్కలోనిది కాదు. పది పెడితే నలభై నాలుగు యూనిట్లు.

ఇక బోర్డు వెనుక పెట్టే మాడ్యూలు. పాత స్విచ్చి పాత చోటనే ఉంటుంది, వెనుక అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్ద ముక్క ఒకటి కూర్చుంటుంది. గోడ దగ్గర చేతితోనూ, మంచం దగ్గర రిమోటుతోనూ వెలుగు మార్చవచ్చు. సాధారణంగా స్విచ్చి స్థానంలో కాలింగ్ బెల్లు బొత్తాం వంటిది పెడతారు. ఒకసారి నొక్కితే వెలుగుతుంది, నొక్కి పట్టుకుంటే తగ్గుతుంది. ఇంట్లో వచ్చేపోయేవారంతా వాడే ముందు గదికి ఇది మంచిది, ఎందుకంటే ఎవరికీ ఏమీ నేర్పనక్కరలేదు. అయితే దీనికి డిమ్మబుల్ బల్బులే కావాలి. మరియు దాదాపు ఈ మాడ్యూళ్లన్నిటికీ బోర్డులో న్యూట్రల్ వైరు కావాలి.

ఈ న్యూట్రల్ గురించి కొంచెం ఓపికగా చదవండి. మామూలు స్విచ్చికి ఫేజు వైరు వచ్చి, స్విచ్చి గుండా బల్బుకు పోతుంది. న్యూట్రల్‌తో దానికి పనిలేదు, అది నేరుగా బల్బుకే పోతుంది. పరదేశాల్లో చాలా ఇళ్లలో స్విచ్చి పెట్టెలో న్యూట్రల్ ఉండదు, అక్కడివారికి ఇది పెద్ద తలనొప్పి. మన ఇళ్లలో ఒక మేలు ఉన్నది. మన బోర్డులో స్విచ్చుల పక్కనే ఒక ప్లగ్గు సాకెట్ పెట్టే అలవాటు. సాకెట్ ఉన్నదంటే న్యూట్రల్ ఉన్నట్టే. పాత వైరింగులో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్తు. అయితే రంగును నమ్మి చేయి పెట్టవద్దు. వైరు చాలక ఉన్న రంగే లాగిన ఇళ్లు ఎన్నో. మెయిన్ ఆపి, పని తెలిసినవాని చేత మీటరుతో చూపించండి. మంచం పక్కన ఒంటరిగా ఉండే స్విచ్చిలో, మెట్ల దగ్గర టూ-వే స్విచ్చిలో న్యూట్రల్ ఉండకపోవచ్చు. పాత సన్‌మైకా చెక్క బోర్డుల వెనుక చోటు పుష్కలం, మాడ్యూలు హాయిగా పడుతుంది. కొత్త ఇళ్లలోని ఇనుప పెట్టెలు ఇరుకు, పైగా ఇనుము రేడియోను అడ్డుకుంటుంది.

న్యూట్రల్ లేని చోట కొందరు పనివాళ్లు ఒక అడ్డదారి తొక్కుతారు. "ఎర్తు వైరునే న్యూట్రల్‌గా వాడేద్దాం సార్, నడుస్తది" అంటారు. నడుస్తుంది. ఎర్తు ఎక్కడైనా తెగిననాడు మీ ఫ్రిజ్జు ఒళ్లు, గీజరు ఒళ్లు, మోటారు ఒళ్లు అన్నిటికీ కరెంటు పాకుతుంది. తడికాళ్లతో తాకినవాడు బ్రతకడు. ఎంత తెలిసినవాడైనా సరే, ఆ మాట అన్నవానికి చాయ్ ఇచ్చి పంపించండి, పని చెప్పవద్దు.

న్యూట్రల్ అక్కరలేని మాడ్యూళ్లు కూడా దొరుకుతాయి. అవి బల్బు గుండానే కొద్దిపాటి కరెంటు జారనిస్తూ బ్రతుకుతాయి. ఆ కొద్దిపాటికే ఎల్‌ఈడీ మిణుకు మిణుకుమంటుంది. దానికి విరుగుడుగా బల్బు దగ్గర బైపాస్ అనే చిన్న ముక్క కలపాలి. మిణుకు అంటే గుర్తొచ్చింది. ఏ మాడ్యూలూ లేకుండానే, స్విచ్చి ఆపినా బల్బు సన్నగా వెలుగుతున్నదని ఖమ్మం వైపు నుండి ఒక సహోదరుడు అడిగాడు, ఇంట్లో ఆడవాళ్లు భయపడుతున్నారట. భయం వద్దు, కాని చూపించాలి. స్విచ్చిలో చిన్న ఎర్ర సూచిక దీపం ఉన్నా అలా అవుతుంది, వైర్లు చాలా దూరం పక్కపక్కనే నడిచినా అవుతుంది. వైరింగు చేసినవాడు స్విచ్చిని ఫేజులో కాక న్యూట్రల్‌లో పెట్టినా అవుతుంది. ఈ చివరిది ప్రమాదం. స్విచ్చి ఆపి ఉన్నా హోల్డరులో కరెంటు ఉంటుంది, బల్బు మార్చబోయినవాడు కొట్టుకుపోతాడు. ఈ వారమే టెస్టరు పెట్టించి చూసుకోండి.

ఇంతా చెప్పి, ఏ రేడియో లేని ఉపాయం ఒకటి చెప్పకపోతే అన్యాయం. మామూలు స్విచ్చినే ఒకసారి ఆపి మళ్లీ వేస్తే వెలుగు ఒక మెట్టు తగ్గే ఎల్‌ఈడీ బల్బులు ఉన్నాయి. ఫిలిప్స్ వారు సీన్‌స్విచ్ అనే పేరుతో అమ్మారు. రిమోటు లేదు, జతచేయడం లేదు, బోర్డు విప్పనక్కరలేదు. స్విచ్చి మంచానికి అందేంత దగ్గరలో ఉంటే దీనిని మించినది లేదు. మా గదిలో నేను రాత్రి ప్రసంగం వ్రాసుకుంటుంటే మా ఇంటావిడకు నిద్రపట్టేది కాదు. ఇరవై ఏళ్ల ఈ తగవును ఈ బల్బు తీర్చింది.

చివరకు అమ్మ గదికి ఏం చేశామంటే, చేతి రిమోటుతోనే పనిచేసే బల్బు పెట్టాము, ఫోను అక్కరలేనిది. కరెంటు పోయి వస్తే ముందున్న స్థితిలోనే లేచేలా ఏర్పాటు చేశాము. గోడ మీది స్విచ్చి ఎవరూ ఆపకుండా దాని మీద తెల్ల ప్లాస్టరు అంటించాము, అందంగా లేదు, కాని పనిచేస్తున్నది. రంగు కూడా మార్చాము. మనవాళ్లు ఎక్కడ చూసినా 6500 కెల్విన్ తెల్లని పాల వెలుగే కొంటారు, అంగడివాడూ అదే ఇస్తాడు. రాత్రికి 2700 నుండి 3000 మధ్య ఉండే పసుపు వెలుగు అడిగి తీసుకోండి. నీలం పాలు ఎక్కువగా ఉన్న వెలుగు నిద్ర తెప్పించే మెలటోనిన్‌ను అణచివేస్తుంది. అమ్మ మంచం నుండి స్నానాల గది దాకా ఉన్న దారిలో, మోకాలి ఎత్తున, మనిషి కదిలితే వెలిగే చిన్న సెన్సారు దీపం ఒకటి ప్లగ్గులో గుచ్చాము. పడిపోకుండా కాపాడుతున్నది నిజానికి ఆ చిన్న దీపమే అని నా అనుమానం. అన్నిటికన్నా చౌక కూడా అదే. గడప సంగతి ఇంటాయనతో మాట్లాడితే, దాని మీద పసుపు రంగు గీత వేయడానికి ఒప్పుకున్నాడు.

రిమోటు కొనేటప్పుడు దానిలో ఏ బ్యాటరీ పడుతుందో తప్పక చూడండి. కొన్నింటిలో నాణెం వంటి చదునైన బటన్ సెల్ ఉంటుంది, 2032 అని వ్రాసి ఉంటుంది. పసిబిడ్డ దానిని మింగితే, గొంతులో ఇరుక్కొని రెండు గంటల్లోనే అన్నవాహికను లోపల నుండి కాల్చివేయగలదు. ప్రాణాలు పోయిన పిల్లలు ఉన్నారు. మింగిందని అనుమానం వచ్చినా అరటిపండు పెట్టి, తెల్లవారి చూద్దామని ఆగవద్దు. ఆ క్షణమే పెద్దాసుపత్రికి తీసుకువెళ్లి ఎక్స్‌రే తీయించండి. చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో మూతకు మర ఉన్న రిమోటు, లేదా సన్న పెన్సిల్ సెల్లులు పడే రిమోటు కొనండి. మేము రెండోది తీసుకున్నాము. రిమోటును దారంతో మంచం కోడుకు కట్టాము.

ఎక్కడ కొనాలని అడుగుతారు. సికింద్రాబాదు చుట్టుపక్కలవారు రాణిగంజ్ వెళ్లవచ్చు, కోఠీ దగ్గర ట్రూప్ బజారులో ఇంకా రకాలు ఉంటాయి. ఎక్కడ కొన్నా బల్బు మీద భారత ప్రమాణాల సంస్థ గుర్తు, 'ఐఎస్ 16102' అనే సంఖ్య, 'ఆర్' అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషను సంఖ్య ఉన్నాయో లేదో చూడండి. సగం ధరకు పేరులేని డబ్బా ఇస్తే తీసుకోకండి. ఒక్క బల్బే కొని, పదిహేను రోజులు వాడి, అప్పుడు మిగతా గదుల మాట తలపెట్టండి. ఇంట్లో చవకరకం ఇన్వర్టరు ఉంటే దాని మీద కూడా ఒక రాత్రి వెలిగించి చూడండి. కొన్ని ఇన్వర్టర్ల కరెంటు సాఫీ అల కాదు, చతురపు మెట్లుగా వస్తుంది, దాని మీద డిమ్మర్లు గోలపెడతాయి.

ఈ వ్యవహారమంతా చూసి మా సంఘపెద్దలు, డిసెంబరులో కొవ్వొత్తుల ఆరాధన నాడు గుడిలో లైట్లు మెల్లమెల్లగా తగ్గేలా చేయమని నన్ను పట్టుకున్నారు. గుడిలో ఉన్నవి చోకు ట్యూబులైట్లు, పదహారు. వాటిని ఏ మామూలు డిమ్మరూ తగ్గించలేదని చెప్పాను. "మరి అమ్మగారి గదిలో చేశారు గదా" అన్నారు. వరుసకొక స్విచ్చి ఉన్నది గనుక, యౌవనస్థులను నలుగురిని నిలబెట్టి వరుస తరువాత వరుస ఆపిద్దామని చెప్పాను. కోశాధికారిగారు ఆ మాటకు వెంటనే ఆమేన్ అన్నారు.

అమ్మ ఇప్పుడు రాత్రి లేస్తే నాకు తెలియడం లేదు. పొద్దున అడిగితే, "రెండుసార్లు లేచాను, నీకెందుకు?" అంటుంది. రిమోటును ఆమె రిమోటు అనదు, లాంతరు చెవి అంటుంది. మొన్న దాని సెల్లులు అయిపోతే, "చెవి తిరగడం లేదురా, కిరసనాయిలు పోయించు" అని నన్ను కేకవేసింది.